జీ4ఎం ‘బెట్టీ’: రెక్క నిండా పెట్రోలు ఎందుకు నింపారు? (లెక్కలు, మోడళ్ల తేడాలు, 1/48 బొమ్మ)

#1 ఆకాశరామన్న

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాదళం వాడిన మిత్సుబిషి జీ4ఎం బాంబరు (శత్రుపక్షం పెట్టిన పేరు ‘బెట్టీ’) గురించి ఎక్కడ చూసినా ఒకటే పాట. తూటా తగలగానే భగ్గుమనేది, డిజైనర్లకి సిబ్బంది ప్రాణాలంటే లెక్కలేదు, అంతే. ఎందుకలా కట్టారో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. తెలిసినవాళ్లు అంకెలతో సహా చెప్పండి.

1. ట్యాంకులకి రక్షణ పెట్టకపోవడం నిర్లక్ష్యమా, గత్యంతరం లేకనా?
2. ఫొటో చూసి జీ4ఎం1, జీ4ఎం2, జీ4ఎం3 తేడా పట్టడం ఎలా?
3. 1/48 స్కేలులో టమియా కంపెనీ జీ4ఎం1 బొమ్మ కట్టాలి. బాంబు గదికి తలుపులు ఉండాలా, అక్కర్లేదా? రంగులేమిటి?
4. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు వేసింది ఈ విమానాలేనని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

#2 లంగరు

నాలుగోది ముందు తేల్చేద్దాం. కాదు. ఆ రోజు విశాఖ, కాకినాడల మీదికి వచ్చినవి ర్యూజో అనే విమానవాహక నౌక మీంచి ఎగిరిన నకజిమా బీ5ఎన్‌లు. ఒకే ఇంజను, ముగ్గురు మనుషులు. బెట్టీ రెండు ఇంజన్ల విమానం, నేల మీది రన్‌వే నుంచే లేస్తుంది, నౌక మీద దిగడం దాని వల్ల కాదు.

దూరం చాలక రాలేదని మాత్రం అనుకోకండి. అప్పటికి జపాన్ చేతిలో ఉన్న పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖకి గాలిదారిన సుమారు 1,200 కి.మీ. అదే ఏడాది దక్షిణ పసిఫిక్‌లో బెట్టీలు రబౌల్ నుంచి గ్వాడల్‌కెనాల్‌కి వెళ్లిన దూరం ఒకవైపు దాదాపు 1,050 కి.మీ. పెద్ద తేడా ఏం లేదు. మన దేశం మీద బెట్టీలు పాల్గొన్న దాడి కావాలంటే 1943 డిసెంబర్ 5న కలకత్తా రేవు మీద జరిగింది చూడండి. సైన్యం బాంబర్లు వేరే, నౌకాదళం బెట్టీలు వేరే వచ్చాయి. నౌకాదళం వాటికి కాపలాగా జీరో ఫైటర్లు.

#3 కసేయ్_14సిలిండర్లు

ఒకటో ప్రశ్న. జవాబు మొత్తం 1937 సెప్టెంబర్‌లో నౌకాదళం చేతిలో పెట్టిన స్పెసిఫికేషన్‌లోనే ఉంది. అడిగినవి ఇవి: 3,000 మీటర్ల ఎత్తున గంటకి 398 కి.మీ. వేగం, ఖాళీగా వెళ్తే 4,815 కి.మీ. రేంజి, 800 కిలోల టార్పెడోతో 3,700 కి.మీ. రేంజి. ఇవన్నీ రెండే రెండు ఇంజన్లతో, అవి కూడా వెయ్యి హార్స్‌పవర్ తరగతివి.

డిజైనర్ హోంజో కిరో. అంతకుముందు నౌకాదళానికి జీ3ఎం బాంబరు కట్టింది కూడా ఆయనే. నాలుగు ఇంజన్లు పెడితే తప్ప ఈ రేంజీ, ట్యాంకుల రక్షణ రెండూ ఒకే విమానంలో కుదరవని ఆయన వాదించాడు. నౌకాదళం కొట్టిపారేసింది: రెండు ఇంజన్లే, మాట్లాడకుండా కట్టు. మనిషి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. మిత్సుబిషి చెయ్యగలిగిందల్లా వెయ్యి హార్స్‌పవర్ కిన్‌సేయ్ బదులు సొంత కసేయ్ ఇంజను పెట్టుకోవడం. రెండు వరసల్లో 14 సిలిండర్లు, 150 మి.మీ. బోరు, 170 మి.మీ. స్ట్రోకు, 42 లీటర్లు. టేకాఫ్‌లో 1,530 హార్స్‌పవర్.

ఇక బరువు లెక్క.

ఖాళీ విమానం సుమారు 6,800 కిలోలు. రెక్కల ట్యాంకుల్లో దాదాపు 4,900 లీటర్ల పెట్రోలు, లీటరుకి 0.72 కిలో చొప్పున 3,500 కిలోలు దాటుతుంది. టార్పెడో 840. ఏడుగురు మనుషులు, ఆయిల్, తుపాకులు, తూటాలు కలిపితే మొత్తం 12 టన్నుల దగ్గరికి వస్తుంది. మామూలు లోడు బరువు 9,500 కిలోలే. ఓవర్‌లోడ్ హద్దు 12,860. అంటే ట్యాంకులు నింపి టార్పెడో తగిలిస్తే విమానం ఓవర్‌లోడ్‌లో లేస్తున్నట్టే.

అంత పెట్రోలు ఎక్కడ పెట్టాలి? శరీరంలో బాంబు గది, మనుషులు. మిగిలింది రెక్క. రెండు ప్రధాన స్పార్‌ల (రెక్క పొడుగునా వెళ్లే దూలాల) మధ్య ఖాళీనే ట్యాంకు చేశారు. విడిగా డబ్బా లేదు, రెక్క రేకే ట్యాంకు గోడ; ఇంటెగ్రల్ ట్యాంకు అంటే ఇదే. డబ్బా బరువు తగ్గింది, ప్రతి అంగుళంలో పెట్రోలు పట్టింది. తూటా రేకుని చీల్చిందంటే తిన్నగా పెట్రోల్లోనే.

సెల్ఫ్ సీలింగ్ అంటే ట్యాంకు చుట్టూ పచ్చి రబ్బరు పొర. తూటా చిల్లు పడగానే కారే పెట్రోలు తగిలి రబ్బరు ఉబ్బి చిల్లు మూసుకుంటుంది. ఇంటెగ్రల్ ట్యాంకులో ఆ పొర లోపల వేస్తే ఘనపరిమాణం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, రెండు వైపులా నష్టం. ఈ నష్టం ఎంతో ఊహించక్కర్లేదు, జీ4ఎం3లో కనిపిస్తుంది. జీ4ఎం2లో 6,490 లీటర్లు పడితే, రెక్కని ఒకే స్పార్‌తో మళ్లీ గీసి సీలింగ్ ట్యాంకులు పెట్టిన జీ4ఎం3లో 4,490 లీటర్లే పట్టాయి. రేంజి 4,335 కి.మీ.కి దిగింది. 1944 జనవరిలో ఎగిరిన ఆ మోడల్ యుద్ధం ముగిసేలోపు కొద్దిగానే తయారైంది.

పక్కమాట: నగోయా ఫ్యాక్టరీని ఆనుకుని రన్‌వే లేదు. విడదీసిన విమానాల్ని ఎడ్లబండ్ల మీద నలభై పైచిలుకు కిలోమీటర్లు కగమిగహరా విమానాశ్రయానికి తోలేవాళ్లు. 1939 అక్టోబర్ 23న మొదటి జీ4ఎం లేచింది అక్కడి నుంచే.

#4 గాజువాక_గన్నర్

కసేయ్ గారూ, అంకెలు ఒప్పుకుంటాను, తీర్పు ఒప్పుకోను. రబౌల్ నుంచి గ్వాడల్‌కెనాల్ వెళ్లి రావడానికి 2,100 కి.మీ. జీ4ఎం1 గరిష్ఠ రేంజి 6,000 కి.మీ., మీరు చెప్పిన 4,900 లీటర్లకి లెక్కేస్తే కిలోమీటరుకి 0.82 లీటరు. ఎత్తుకి ఎక్కడం, ఫార్మేషన్, పోరాటంలో ఫుల్ త్రాటిల్ అన్నీ కలిపి లీటరుంబావు వేసుకున్నా 2,600 లీటర్లు చాలు. మిగతా రెండు వేల లీటర్ల జాగా ఎందుకు? ఆ జాగా రబ్బరుకి ఇచ్చి ఉంటే?

ఇంకో సంగతి. సగం ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. నిండుగా ఉంటే లోపల గాలి లేదు, తూటా తగిలితే కారుతుంది, కారింది బయట మండొచ్చు. సగం ఖాళీ అయితే పైభాగంలో గాలీ పెట్రోలు ఆవిరీ కలిసి కూర్చుంటాయి. దహన తూటా ఒకటి చాలు. వాడని రేంజీ కోసం కట్టిన పెద్ద ట్యాంకు, వాడని ప్రతి లీటరుకీ ఆవిరి గదిగా మారింది.

జరిగింది చూడండి. 1942 ఫిబ్రవరి 20న బూగన్‌విల్ దగ్గర అమెరికన్ విమానవాహక నౌక లెక్సింగ్‌టన్ మీదికి కాపలా ఫైటర్లు లేకుండా వెళ్లిన 17 బెట్టీల్లో 15 పోయాయి. ఆగస్టు 8న గ్వాడల్‌కెనాల్ నౌకల మీద టార్పెడోలతో దాడి చేసిన 23లో 18 పోయాయి. దాదాపు 120 మంది సిబ్బంది ఒక్క పూటలో. ఆ శిక్షణకి ఎన్నేళ్లు పట్టింది, మళ్లీ ఎన్నేళ్లు పడుతుంది?

#5 కసేయ్_14సిలిండర్లు

గన్నర్ గారూ, మీరు 1942లో కూర్చుని 1937 స్పెక్ చదువుతున్నారు. అప్పటి ప్రణాళిక గ్వాడల్‌కెనాల్ కాదు. పసిఫిక్ దాటి వచ్చే అమెరికా నౌకాదళాన్ని దారిలోనే దీవుల మీంచి లేచి టార్పెడోలతో కొట్టి, అసలు యుద్ధానికి ముందే పలచన చెయ్యాలన్నది వాళ్ల ఆలోచన. నౌకలు ఎక్కడున్నాయో ముందు తెలీదు, వెతకాలి. వెతకడానికి పోయే పెట్రోలు రేంజి లెక్కలోకి రాదు, కానీ ట్యాంకులోంచే పోతుంది. శత్రువు విమానవాహక నౌకల కన్నా దూరం నుంచి కొట్టగలిగితే అదే పెద్ద రక్షణ అనుకున్నారు.

ఆవిరి గది మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే తర్వాత ట్యాంకుల్లోకి కార్బన్ డయాక్సైడ్ ఆర్పే ఏర్పాటు పెట్టారు. 1943 మార్చి నుంచి రెక్క అడుగున 30 మి.మీ. మందం రబ్బరు పలక అంటించారు. దానివల్ల వేగం 9 కి.మీ., రేంజి 315 కి.మీ. తగ్గాయి. మీరడిగిన బేరం ఇదే, ఆలస్యంగా కుదిరింది.

#6 గాజువాక_గన్నర్

అదే నేనూ అంటున్నాను. 315 కి.మీ. వదులుకోవడానికి పదిహేను నెలల యుద్ధం, వందల మంది మనుషులు కావలసి వచ్చారు. 1937లో తెలీదని కూడా అనలేం. స్పెక్ ఇచ్చే నాటికే, ఆగస్టులో, చైనా మీదికి కాపలా లేకుండా వెళ్లిన జీ3ఎంలు ఫైటర్ల చేతిలో బాగా దెబ్బతిన్నాయి. ఆ పాఠానికి వాళ్లు తీసిన అర్థం ‘ఇంకా తుపాకులు పెట్టు’. దాని ఫలితం జీ6ఎం1.

#7 పుష్పకం

జీ6ఎం1 సంగతి తెలీని వాళ్లకి: అదే శరీరం, బాంబుల బదులు ఎక్కువ ఫిరంగులు, ఎక్కువ మంది గన్నర్లు. బాంబర్ల గుంపు అంచుల్లో ఎగిరి కాపలా కాయాలి. 30 కట్టారు. చిక్కు ఎక్కడంటే, బాంబర్లు లక్ష్యం మీద బాంబులు వదిలేసి తేలికై వేగంగా వెనక్కి తిరుగుతాయి. దీనికి వదలడానికేం లేదు, ఫిరంగుల బరువు అలాగే ఉంటుంది, వెనకబడుతుంది. చివరికి శిక్షణకీ రవాణాకీ మళ్లించారు. ఈ ప్రయోగం వల్ల అసలు బాంబరు తయారీ కూడా వెనక్కి పోయింది. అమెరికా వాళ్లు వైబీ-40తో (కాపలాకి మార్చిన బీ-17 బాంబరు) ఇదే గోతిలో పడ్డారు, సరిగ్గా ఇదే కారణంతో.

#8 లంగరు

మొదటి ఏడాది ఈ విమానం సాధించింది కూడా రాయాలి కదా. 1941 డిసెంబర్ 10. మలయా తూర్పు తీరాన బ్రిటిష్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ రెండూ మునిగాయి. సముద్రంలో కదులుతూ, తిరిగి కాలుస్తూ ఉన్న పెద్ద యుద్ధనౌకల్ని విమానాలు మాత్రమే ముంచడం అదే మొదలు. గెన్‌జన్, మిహోరో దళాలవి జీ3ఎంలు. కనోయా దళం 26 జీ4ఎం1లతో సైగాన్ దగ్గరి థూ దౌ మోట్ నుంచి లేచింది. వీటి కింద ఉన్న టైప్ 91 టార్పెడో రెండో మార్పు రకం, పేలుడు పదార్థం 200 కిలోల పైన. జీ3ఎంలు మోసిన మొదటి మార్పు రకంలో 150.

టార్పెడో వెయ్యడంలో కిటుకు కోణంలో ఉంది. టైప్ 91 నీళ్లలో 42 నాట్లు, అంటే సెకనుకి 21.6 మీటర్లు. 1,000 మీటర్ల నుంచి వదిలితే చేరడానికి 46 సెకన్లు. ఆ లోపు 27 నాట్ల నౌక 640 మీటర్లు ముందుకి పోతుంది లేదా పక్కకి తిరిగిపోతుంది. ఒక వైపు నుంచే వేస్తే కెప్టెన్ ముక్కు తిప్పి తప్పించుకుంటాడు. రిపల్స్ చాలాసేపు చేసింది అదే. రెండు వైపుల నుంచీ ఒకేసారి వేస్తే ఒకదాన్ని తప్పించుకోవడానికి తిరిగిన తిరుగుడు రెండోదానికి పక్క చూపిస్తుంది. కనోయా దళం అలాగే పట్టుకుంది.

టార్పెడో గాలిలో దొర్లితే నీళ్లలో దిశ తప్పుతుంది. టైప్ 91 తోకకి చెక్క రెక్కలు తొడిగేవాళ్లు. గాలిలో నిలకడగా ఉంచి, నీళ్లు తగలగానే విరిగి ఊడిపోతాయి. దొర్లకుండా జైరోతో పనిచేసే చిన్న పలకలు వేరే. బొమ్మలో టార్పెడో పెట్టేవాళ్లు చెక్క తోకని చెక్క రంగులోనే వెయ్యండి. మొత్తం ఒకే లోహపు రంగు పూసెయ్యడం తరచూ కనిపించే తప్పు.

#9 పుష్పకం

రెండో ప్రశ్నకి వస్తాను. నేను చూసే వరస ఇది.

ముందు ప్రొపెల్లర్. మూడు ఆకులైతే జీ4ఎం1, నాలుగైతే జీ4ఎం2 లేదా 3. చాలా ఫొటోలు ఇక్కడే తేలిపోతాయి.

ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటే రెక్క చివర చూడండి. జీ4ఎం1 చివర సన్నబడి మొనదేలుతుంది, జీ4ఎం2లో గుండ్రం. తోక పలకల చివర్లు కూడా అలాగే మారాయి. వీపు మీద జీ4ఎం1లో గాజు బుడగ కింద 7.7 మి.మీ. మెషిన్ గన్, జీ4ఎం2లో మోటారుతో తిరిగే టరెట్, లోపల 20 మి.మీ. ఫిరంగి. ముక్కు గాజు కూడా పెద్దదైంది. ఇంజను కసేయ్ 21, నీళ్లూ మిథనాలూ కలిపి చిమ్మే రకం. ఆ మిశ్రమం సిలిండర్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచి నాకింగ్ (ఇంధనం వేళకాక పేలడం) ఆపుతుంది, అందువల్ల బూస్టు (లోపలికి తోసే గాలి ఒత్తిడి) పెంచుకోవచ్చు, 1,800 హార్స్‌పవర్ పైకి వచ్చింది.

జీ4ఎం3 గుర్తు తోకలో. అడ్డ తోక పలకలు పైకి వంగి ఉంటాయి, మిగతా రెండింటిలో తిన్నగా ఉంటాయి. వెనక గన్నర్ గూడు కూడా పొట్టి.

జీ4ఎం1లోనే ముందూ వెనకా రకాలున్నాయి, బొమ్మ కట్టేవాళ్లని తిప్పలు పెట్టేవి అవే. ముందువాటిలో తోక చివర మొత్తం గాజు కోను, సందులోంచి ఫిరంగి బయటికి. తర్వాతివాటిలో కోను చివర కోసేసి వెడల్పుగా తెరిచారు, గన్ను ఎక్కువ కోణం తిరగడానికి. ఎగ్జాస్టు మొదట్లో అన్ని సిలిండర్ల పొగా ఒకే గొట్టంలోకి, 1943 మధ్య నుంచి సిలిండర్ల వారీగా చిన్న గొట్టాలు. ఆ చిన్న గొట్టాలు పొగని వెనక్కి తన్నుతూ కాస్త తోపు కూడా ఇస్తాయి.

#10 గాజువాక_గన్నర్

తోక ఫిరంగి గురించి ఒక ముక్క. టైప్ 99, డ్రమ్ములో 45 గుండ్లు. నిమిషానికి 500 దగ్గర కాలుస్తుంది కాబట్టి ఆపకుండా నొక్కితే అయిదున్నర సెకన్లలో ఖాళీ. తర్వాత ఇరుకు గూట్లో, 7,000 మీటర్ల చలిలో, ఆక్సిజన్ మాస్కుతో డ్రమ్ము చేత్తో మార్చుకోవాలి. గుండు తొలి వేగం సెకనుకి సుమారు 600 మీటర్లే. 7.7 మి.మీ. టైప్ 92లు లూయిస్ గన్ నకళ్లు, 97 గుండ్ల పళ్లెం. అవి అమెరికన్ ఎఫ్4ఎఫ్ లాంటి కవచమున్న ఫైటర్‌ని ఆపడం కష్టం. తోక ఫిరంగి ఒక్కటే నిజంగా భయపెట్టేది, అది తెలిశాక ఫైటర్లు తిన్నగా తోక వెనక నుంచి రావడం మానేసి పక్క పైనుంచి దిగి రెక్క మొదట్లో కొట్టాయి.

#11 స్కేలుబద్ద

ఇక బొమ్మ. రామన్న గారూ, అటక మీద జాగా ఉందో లేదో ముందు చూసుకోండి. 1/48లో రెక్కల వెడల్పు 52 సెం.మీ., పొడవు 41.6 సెం.మీ. 1/72లో హసెగావా జీ4ఎం1, జీ4ఎం2 రెండూ చేసింది, అదైతే 34.7 బై 27.7.

తలుపుల ప్రశ్న: పోరాటంలో ఉన్న జీ4ఎం1కి తలుపులు వేసి మూసెయ్యకండి. టార్పెడోతోనో బాంబులతోనో వెళ్లేటప్పుడు గది కప్పు తీసేసి, వెనక అంచుకి గాలి సుళ్లు తిరగకుండా వంపు ముక్క తగిలించేవాళ్లు. గది తెరిచే ఉంటుంది. ఉబ్బెత్తు తలుపులు జీ4ఎం2 కాలంలో వచ్చాయి. మూసిన కప్పు కావాలంటే జపాన్ నౌకాదళ సేనాని యమమోతో ప్రయాణించిన 323 నంబరు విమానం లాంటి రవాణా సందర్భం ఎంచుకోండి, దానికి బాంబుల పని లేదు. 1943 ఏప్రిల్ 18న బూయిన్ దగ్గర అమెరికన్ పీ-38 ఫైటర్లు కూల్చింది దాన్నే.

ముక్కులో సీసం గుండ్లు పెట్టకండి. తోక చక్రం ఉన్న విమానం, దానంతటదే తోక మీద కూర్చుంటుంది. అనవసరపు బరువు వేస్తే ల్యాండింగ్ గేర్ కాళ్లు నెలల మీద పక్కకి వాలతాయి.

కట్టే వరస:

ముందు లోపలి రంగులు. సిబ్బంది గదులకి మిత్సుబిషి లోపలి ఆకుపచ్చ. చక్రాల గదికి ఆవోతాకే, అంటే అల్యూమినియం మీద పూసిన నీలి-ఆకుపచ్చ పారదర్శక వార్నిష్. ఇది మామూలు రంగులా మూసేసే రకం కాదు. ముందు వెండి రంగు వేసి ఆరనిచ్చి, దాని మీద పారదర్శక నీలం, ఆకుపచ్చ కలిపి రెండు మూడు పలచని పూతలు. ఒకే మందపాటి పూత వేస్తే మూలల్లో నల్లగా పేరుకుంటుంది.

శరీరం రెండు సగాల అతుకు ఈ బొమ్మకి ప్రాణం. గుండ్రటి పొడుగు చుట్ట కదా, వీపు మీద 40 సెం.మీ. అతుకు వెలుగులో దాగదు. పలచటి జిగురుతో ఒక్కసారే మొత్తం అంటించకండి. తోక నుంచి మొదలుపెట్టి 5 సెం.మీ. చొప్పున పట్టి, ప్లాస్టిక్ కాస్త మెత్తబడి గీతలా బయటికి ఉబికే వరకు నొక్కండి. రెండు రోజులు ఆరాక గరుకు కాగితం 400, 800, 1,500. ఆ పైన పలచగా బూడిదరంగు ప్రైమర్ కొట్టి చూస్తే మిగిలిన లోటు బయటపడుతుంది. గీకడంలో చెరిగిన ప్యానెల్ గీతల్ని రంగు వెయ్యకముందే మళ్లీ గీసుకోవాలి, తర్వాత కుదరదు.

గాజు భాగాలకి సయనోఎక్రిలేట్ (సూపర్ గ్లూ) వద్దు. దాని ఆవిరి గాజు మీద తెల్లటి మంచులా కూర్చుంటుంది, లోపలి వైపు పడితే తుడవడానికి చెయ్యి పట్టదు. తెల్ల ఫెవికాల్ రకం జిగురు చాలు. గాజు మీద రంగు పడకుండా అంటించే మాస్కులు రెండు వైపులా ఫ్రేము అంచు దాకా గోటితో నొక్కాలి. మొదట లోపలి ఆకుపచ్చ కొట్టి, దాని మీద బయటి రంగు కొట్టండి, అప్పుడు ఫ్రేము లోపల నుంచి చూసినా సరైన రంగు కనిపిస్తుంది.

#12 స్కేలుబద్ద

పై పోస్టు పొడుగైంది, బయటి రంగులు విడిగా.

1941 కనోయా విమానాలకి పైన ఆకుపచ్చ, గోధుమ రంగు మేఘాల్లాంటి మచ్చలు. తోక మీద కే అక్షరంతో నంబరు. రబౌల్‌లో 4వ దళానికి ఎఫ్. 1943కి వచ్చేసరికి పైన మొత్తం ముదురు ఆకుపచ్చ, అడుగున పెయింటు లేని లోహం. రెక్క ముందంచున పసుపు పట్టీ 1942 రెండో సగం నుంచి వచ్చింది కాబట్టి మలయా బొమ్మకి వెయ్యకండి.

లోహపు మెరుపు కావాలంటే కింద నిగనిగలాడే నలుపు తప్పనిసరి. నలుపు మీద దుమ్ము రేణువు ఉన్నా లోహం కింద కొండంతలా కనిపిస్తుంది. అన్నిటికీ ఒకే మెరుపు వెయ్యకండి: ఎయిలరాన్లు, రడ్డరు, ఎలివేటర్లు గుడ్డ కప్పినవి. వాటికి మెరుపు లేని లేత బూడిద-వెండి వెయ్యాలి. గుడ్డ మీద రంగు పెచ్చులూడి లోహం కనబడేలా చేస్తే అసలు తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

పెచ్చుల సంగతికి కొలత గుర్తుంచుకోండి. 1/48లో ఒక మిల్లీమీటరు అంటే అసలు విమానం మీద దాదాపు అయిదు సెంటీమీటర్లు. బియ్యపు గింజంత మచ్చ వేస్తే అడుగు పొడవు రంగు లేచిపోయినట్టు. హెయిర్ స్ప్రే పద్ధతిలో లోహం మీద స్ప్రే, దాని మీద ఆకుపచ్చ, అరగంటలోపు తడి కుంచెతో రుద్దడం. ఆలస్యమైతే ఆకుపచ్చ గట్టిపడి కుంచెకి లొంగదు. ఎక్కువ ఊడేది రెక్క మొదట్లో మెకానిక్కులు నడిచే చోట, ఇంజను మూతల అంచుల్లో, ప్రొపెల్లర్ వెనక రాళ్లు ఎగిరి తగిలే చోట.

#13 ఆకాశరామన్న

స్కేలుబద్ద గారూ, బంగారం లాంటి వివరాలు. మాది కాకినాడ, వానాకాలంలో లక్కరు రంగు వేస్తే తెల్లగా పాలలా పోతోంది. మందులో లోపమా?

#14 స్కేలుబద్ద

మందులో కాదు, గాలిలో. లక్కరు థిన్నరు వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద నీటి బిందువులుగా పట్టి రంగులో చిక్కుకుంటుంది. తేమ 75 శాతం దాటితే ఎయిర్‌బ్రష్ తీయకపోవడం మేలు. తప్పదంటే థిన్నరులో పదో వంతు రిటార్డరు (ఆరడం నెమ్మది చేసే ద్రవం) కలపండి, కంప్రెసర్ గొట్టానికి నీరు పట్టే ఫిల్టరు పెట్టండి, పూతలు పలచగా వెయ్యండి. ఇప్పటికే తెల్లబడిన చోట ఎండగా ఉన్న మధ్యాహ్నం రిటార్డరు కలిపిన వట్టి థిన్నరు పొగమంచులా ఒక్కసారి కొట్టి చూడండి, చిక్కుకున్న తేమ చాలావరకు పోతుంది. లోహపు రంగులకి ఈ చిట్కా వాడకండి, రేణువులు కదిలి మరకలవుతాయి.

#15 లంగరు

ఎవరైనా జీ4ఎం2 కట్టి కింద ఓకా (మనిషి నడిపే ఆత్మాహుతి రాకెట్ బాంబు) తగిలించాలనుకుంటే: దాన్ని మోసింది 24వ మోడల్‌లో మార్పు చేసిన రకం, మామూలు జీ4ఎం2కి తగిలించకండి. ఓకా బరువు 2,140 కిలోలు, అందులో వార్‌హెడ్డే 1,200. టార్పెడోకి రెండున్నర రెట్లు. ఇంత వేలాడదీసుకుంటే విమానం నత్తనడక. ఓకా సొంతంగా పోగలిగింది 37 కి.మీ. దాకానే కాబట్టి బెట్టీ నౌకల రాడారు, ఫైటర్ల వలయం లోపలికి రావలసిందే. 1945 మార్చి 21న కనోయా నుంచి నొనాకా గోరో నాయకత్వంలో 18 బెట్టీలు బయల్దేరాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. ఏప్రిల్ 12న మానర్ట్ ఎల్. ఏబెల్ అనే అమెరికన్ డిస్ట్రాయర్‌ని ఒక ఓకా ముంచింది. ఆ పద్ధతికి దక్కిన ఫలితాల్లో చెప్పుకోదగ్గది అదొక్కటే.

#16 పుష్పకం

వింత రంగు కావాలనుకునేవాళ్లకి 1945 ఆగస్టు 19 బొమ్మ బాగుంటుంది. లొంగుబాటు చర్చలకి జపాన్ జనరల్ కవాబే తొరాషిరో బృందాన్ని తీసుకుని కిసరాజు నుంచి రెండు బెట్టీలు ఇయె షిమాకి వెళ్లాయి. ఒళ్లంతా తెలుపు, సూర్యబింబం స్థానంలో ఆకుపచ్చ శిలువ. రేడియో పిలుపు బటాన్ 1, బటాన్ 2. అక్కడి నుంచి బృందాన్ని అమెరికన్ విమానంలో మనీలా తీసుకెళ్లారు.

అసలు విమానం చూడాలంటే, ఎగిరేది ప్రపంచంలో ఒక్కటీ లేదు. అమెరికాలో చీనో మ్యూజియంలో అడవిలో కూలినట్టు అమర్చిన జీ4ఎం1 ఉంది. జపాన్‌లో కవాగుచికో దగ్గరి మ్యూజియంలో బాగుచేసిన జీ4ఎం2 శరీరం ఉంది. అది ఆగస్టు నెలలోనే తెరుస్తారు. యమమోతో విమానం శకలాలు బూయిన్ అడవిలోనే ఉన్నాయి.

#17 ఆకాశరామన్న

1943 వసంతం నాటి విమానం కడదామని నిర్ణయించుకున్నాను. కసేయ్ గారు చెప్పిన రబ్బరు పలక బొమ్మ మీద కనిపించాలా?

#18 కసేయ్_14సిలిండర్లు

30 మి.మీ.ని 48తో భాగిస్తే 0.6. కంటికి ఆనుతుంది. ఫ్యాక్టరీలో మార్పు వచ్చింది 1943 మార్చి నుంచి తయారైన వాటికి. అప్పటికే దళాల్లో ఉన్న పాతవాటికి ఉందని అనుకోకండి. మీరు కట్టే నంబరు ఫొటోలో రెక్క అడుగు కనిపిస్తేనే పెట్టండి.

#19 స్కేలుబద్ద

పెట్టేటట్టయితే 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు తీసుకోండి, రంగు పూతలతో కలిపి మందం సరిపోతుంది. ట్యాంకులు ఉన్నంత మేరే, రెండు స్పార్‌ల మధ్య. కాగితం మీద రెక్క ఆకారం గీసుకుని కత్తిరించి, పలచటి జిగురు అంచుల నుంచి పారించండి. మధ్యలో జిగురు పోస్తే షీటు అలలు తేలుతుంది. ముందంచుని 800 కాగితంతో ఏటవాలుగా అరగదీయండి. ఇవన్నీ చక్రాల కాళ్లు అంటించక ముందే చెయ్యాలి, లేకపోతే కాళ్లు పనికి అడ్డొస్తాయి.